తాళం తిప్పగానే బండి చెప్పే మాట
అణైకట్, గుడియాత్తం పల్లెల నుండి వేలూరు మార్కెట్టుకు కూరగాయలు చేర్చవలసిన వేకువన పికప్ బండి మొరాయిస్తే ఆనాటి రాబడి పోయినట్లే. తాళం తిప్పినప్పుడు వినవచ్చే శబ్దమే లోపమెక్కడుందో చాలావరకు తెలుపుతుంది.

'టకటక'మని వరుసగా మోగితే 12 వోల్టుల బ్యాటరీ బలహీనపడిందనో, టెర్మినళ్లకు తుప్పు పట్టిందనో గ్రహించాలి. లైట్లు బాగా వెలుగుతూ ఒక్క 'టక్'తో ఆగిపోతే స్టార్టర్ మోటారును పరీక్షింపజేయాలి. మోటారు 'గుయ్'మని తిరిగినా ఇంజను కదలకుంటే, పినియన్ పళ్లు ఫ్లైవీల్‌ను అందుకోవడం లేదన్నమాట. 'కరకర'మంటే పళ్లు అరిగి ఉండవచ్చు. మళ్లీ మళ్లీ తాళం తిప్పరాదు. ఇంజను అందుకున్నాక 'కీచు'మంటే బెల్టు వదులై ఉండవచ్చు. లోపల దెబ్బలు కొట్టినట్లుంటే వెంటనే ఆపి, ఆయిల్ మట్టం చూడాలి.

బ్యాటరీ నుండి మండే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది గనుక దాని చెంత బీడీ, అగ్గిపుల్ల తగవు. విన్న శబ్దాన్ని ఉన్నదున్నట్లు మెకానిక్కుకు చెబితే అనవసరపు ఖర్చు తప్పుతుంది.