ఎత్తు పెంచిన ఫోర్ వీల్ డ్రైవ్ వాహనంలో వెనుక ఇరుసు జ్యామితి: స్థానసవరణ, గతిసవరణ

వ్యాససంగ్రహం

దారిలేని చోట నడపడానికి ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల ఎత్తు పెంచడం నేడు విరివిగా కనిపిస్తున్న పద్ధతి. ఎత్తు పెంచినప్పుడు వెనుక ఇరుసును పట్టి ఉంచే కడ్డీల కోణాలు మారతాయి. వీటిని సరిచేసేటప్పుడు నిలిచి ఉన్న వాహనంలో ఇరుసు మధ్యకు వచ్చిందా అన్నదే షెడ్లలో ఎక్కువగా చూస్తారు. నిలకడలో సరిపోయిన కొలత కదలికలో సరిపోదని, కడ్డీ పొడవును మార్చడం వేరు, కడ్డీ కొస బిగించే చోటును మార్చడం వేరు అని సులభమైన లెక్కలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. సుజుకి జిమ్నీ వెనుక సస్పెన్షన్‌ను ప్రధానంగా ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

కీలకపదాలు: ఇరుసు, అడ్డుకడ్డీ, సస్పెన్షన్, పినియన్ కోణం, ప్రొపెల్లర్ షాఫ్ట్, జిమ్నీ, సాంకేతిక తెలుగు

1. ప్రవేశిక

తెలుగు అధ్యాపకుడు వాహనం అడుగుభాగం గురించి రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2021-22 విద్యాసంవత్సరం నుండి తెలుగుతో సహా కొన్ని భారతీయభాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అవకాశం కల్పించింది. పారిభాషిక పదకోశాలు మనకు కొత్త కాదు. ఒక యంత్రభాగం ఎందుకు అలా కదులుతుందో మొదటినుండి చివరిదాకా తెలుగు వాక్యంలో చెప్పిన రచనలు మాత్రం తక్కువ. పదం దొరికినంత మాత్రాన వివరణ దొరికినట్లు కాదు.

ఈ విషయం మీదికి నా దృష్టి మళ్లడానికి దగ్గరి కారణం మా బావగారి జిమ్నీ. దానికి సుమారు 50 మి.మీ. పొడవు పెరిగే స్ప్రింగులు వేయించారు. ముందు ఇరుసుకు సంబంధించిన సవరణలన్నీ చేశారు. వెనుక ఇరుసు ఒక పక్కకు జరిగిందని గమనించి, పొడవు సవరించుకోగల కడ్డీ ఒకటి బిగించి, ‘సెంటర్ అయిపోయింది’ అని పంపించారు. కొలిచి చూస్తే నిజంగానే మధ్యకు వచ్చింది. అయినా పాడేరు ఘాటు రోడ్డు మలుపుల్లో బండి తోక పక్కకు విసిరినట్లు కావడం, వేగం పెరిగినప్పుడు నేల కింద సన్నని అదురు పుట్టడం ఆగలేదు. ముందు ఇరుసులో తేడా వస్తే స్టీరింగు పట్టుకున్న చేతికి తెలుస్తుంది. వెనుక ఇరుసుకు అలా కబురు చెప్పే సాధనం లేదు. అందువల్లనే కాబోలు, దాని తప్పును ఎక్కువమంది టైర్ల మీదికో రోడ్డు మీదికో నెట్టివేస్తుంటారు.

2. ఇరుసును పట్టి ఉంచేది ఏది?

‘ఇరుసు’, ‘కందెన’ అనే మాటలు సుమతీశతకం చదివిన విద్యార్థికి తెలిసినవే. ఎడ్లబండిలో ఇరుసుకూ బండికీ మధ్య కదలిక లేదు. మోటారు వాహనంలో ఆ రెండింటి నడుమ స్ప్రింగు వచ్చి చేరింది. దానితో రెండు వేర్వేరు పనులు ఏర్పడ్డాయి. బరువు మోయడం ఒకటి. ఇరుసు ముందుకు, వెనక్కు, పక్కలకు జరగకుండా పట్టి ఉంచడం రెండవది.

పాత జీపుల్లోను, మారుతి జిప్సీలోను ఈ రెండు పనులూ కమాన్ పట్టీలే చేసేవి. చుట్టస్ప్రింగు బరువు మోయగలదు గాని ఇరుసును పక్కకు జరగకుండా ఆపలేదు. కాబట్టి చుట్టస్ప్రింగులున్న ఇరుసుకు కడ్డీలు తప్పనిసరి. 2020లో వచ్చిన మహీంద్రా థార్ వెనుక ఇరుసుకు ఇటువంటి కడ్డీలు అయిదు. 2023 నుండి మన దేశంలో అమ్ముతున్న అయిదు తలుపుల జిమ్నీలో ఇరుసుకు మూడే ఆధారాలు: కుడి ఎడమల్లో ముందువైపు ఛాసిస్‌కు తగిలించిన రెండు బలమైన ఆర్మ్‌లు, అడ్డంగా ఒక కడ్డీ. ఈ అడ్డుకడ్డీకే ఫ్రాన్సు దేశపు వాహననిర్మాణ సంస్థ పేరు మీదుగా పానార్డ్ రాడ్ అని పేరు. దీని ఒక కొస ఛాసిస్‌కు, రెండవ కొస ఇరుసుకు బిగించి ఉంటుంది.

స్ప్రింగు మార్చి ఎత్తు పెంచినప్పుడు ఈ మూడింటి పొడవులో మార్పు రాదు. ఛాసిస్ వైపు కొసలు మాత్రం 50 మి.మీ. పైకి పోతాయి. తర్వాత కనిపించే తేడాలన్నీ దీని నుండే పుడతాయి.

3. అడ్డుకడ్డీ

వాలుగా ఉన్న కడ్డీ ఒక లంబకోణ త్రిభుజంలో కర్ణం వంటిది. కర్ణం మారకుండా నిలువు భుజం పెరిగితే అడ్డభుజం తగ్గవలసిందే. వాహనం పైకి లేచినకొద్దీ కడ్డీ వాలు పెరిగి, ఇరుసు ఛాసిస్ కొస ఉన్న వైపుకు లాగబడుతుంది.

లెక్క కోసం కొన్ని కొలతలు ఊహిద్దాం. ఇవి ఏ వాహనానివీ కావు. కడ్డీ పొడవు 900 మి.మీ. అనుకుందాం. ఎత్తు పెంచకముందు దాని రెండు కొసల మధ్య నిలువు తేడా 50 మి.మీ. అయితే అడ్డదూరం 898.6 మి.మీ. వాహనాన్ని 50 మి.మీ. పైకి లేపితే నిలువు తేడా 100 అవుతుంది, అడ్డదూరం 894.4కు తగ్గుతుంది. అంటే ఇరుసు సుమారు 4 మి.మీ. పక్కకు జరిగింది. టైరు అంచుకూ బాడీ అంచుకూ మధ్య దూరాన్ని కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి కొలిచి తీసివేస్తే వచ్చే తేడా దీనికి రెట్టింపు ఉంటుంది. ఒకవైపు తగ్గినంత మరోవైపు పెరుగుతుంది కదా. ఈ సంగతి మరచి ఆ మొత్తం తేడాను కడ్డీ పొడవుకు కలిపితే ఇరుసు మధ్యను దాటి అవతలి పక్కకు పోతుంది. గుండు కట్టిన తాడును బాడీ అంచు నుండి వేలాడదీసి కొలవడం అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి.

ఈ 4 మి.మీ. సవరించడానికి ప్రచారంలో ఉన్న మార్గం కడ్డీ పొడవు పెంచడం. పై ఉదాహరణలో 900 ఉన్న కడ్డీని 904.2 చేస్తే ఇరుసు మధ్యకు వస్తుంది. దీన్ని స్థానసవరణ అనవచ్చు. కాని కడ్డీ వాలు అలాగే మిగిలిపోతుంది. రోడ్డు ఎగుడుదిగుడుల్లో ఇరుసు 40 మి.మీ. పైకి, 40 మి.మీ. కిందికి ఆడిందనుకుందాం. పాత జ్యామితిలో ఆ ఆటకు ఇరుసు పక్కకు కదిలే దూరం మొత్తం 4.5 మి.మీ. పొడవు పెంచిన కడ్డీతో అదే ఆటకు 8.9 మి.మీ. నిలబెట్టి కొలిస్తే తేడా సున్న. నడిపితే పక్కకదలిక దాదాపు రెట్టింపు. ‘సెంటర్ అయిపోయింది’ అన్న మాట తప్పు కాదు గాని, అది వాహనం ఆగి ఉన్నప్పటి సత్యం మాత్రమే.

రెండవ మార్గం కడ్డీని ముట్టుకోకుండా ఇరుసు వైపు బ్రాకెట్‌ను 50 మి.మీ. ఎత్తుకు మార్చడం. అప్పుడు రెండు కొసల మధ్య నిలువు తేడా తిరిగి 50కి వస్తుంది. వాలు పాతదే, అడ్డదూరం పాతదే, పక్కకదలిక పాతదే. దీన్ని గతిసవరణ అనవచ్చు.

ఇందులో మరో ప్రయోజనం ఉంది. మలుపులో వాహనం పక్కకు ఒరిగేటప్పుడు వెనుకభాగం ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో ఆ బిందువు సుమారుగా అడ్డుకడ్డీ వాహనమధ్యరేఖను దాటే చోట ఉంటుంది. వాహనాన్ని 50 మి.మీ. లేపితే గురుత్వకేంద్రం దాదాపు 50 మి.మీ. లేస్తుంది. కడ్డీకి ఒక కొసే లేచింది కనుక దాని మధ్యభాగం లేచేది 25 మాత్రమే. ఈ రెండు బిందువుల మధ్య దూరం పెరిగినకొద్దీ ఒరుగుడు పెరుగుతుంది. ఇరుసు వైపు కొసను కూడా 50 లేపితే ఆ దూరం మొదటికి వస్తుంది. ఎత్తు పెంచిన బండ్లు ఒరుగుతాయని అందరికీ తెలుసు. ఆ ఒరుగుడులో కొంతభాగం గురుత్వకేంద్రం వల్ల కాక, ఇరుసు మీద వదిలేసిన పాత బ్రాకెట్ వల్ల వస్తున్నదని తెలిసినవారు తక్కువ.

అయితే పొడవైన బ్రాకెట్ అంటే పొడవైన మీట. పక్కబలమంతా దాని పాదం దగ్గర వెల్డింగు మీద పడుతుంది. ఒక్క పలకను నిలువునా అతికించి వదిలేస్తే పగుళ్లు వస్తాయి; ఇరుసుగొట్టానికి ఏటవాలు ఆధారంతో కలపాలి. అంతేకాక ఇరుసు పూర్తిగా పైకి వచ్చినప్పుడు కడ్డీ దేనికీ తగలకూడదు. ఇరుసు పైకి రావడాన్ని ఆపే రబ్బరు దిమ్మెలను కూడా అంతే మేరకు కిందికి పొడిగిస్తే ఆ చిక్కు తీరుతుంది.

4. రెండు ఆర్మ్‌లు

వెనుక ఆర్మ్ ముందుకొస ఛాసిస్‌కు, వెనుకకొస ఇరుసుకు ఉంటాయి. ఎత్తు పెంచాక ముందుకొస పైకి, వెనుకకొస కిందికి ఉండే వాలు ఏర్పడుతుంది. ఇరుసు ఒకటి రెండు మి.మీ. ముందుకు జరగడం పెద్ద విషయం కాదు. అసలు చిక్కు మలుపులో ఉంది.

ఎడమకు తిరుగుతున్న వాహనం కుడివైపుకు ఒరుగుతుంది. కుడి ఆర్మ్ వాలు తగ్గి అడ్డంగా సాగుతుంది కనుక కుడిచక్రం వెనక్కు పోతుంది. ఎడమ ఆర్మ్ వాలు పెరిగి ఆ చక్రం ముందుకు వస్తుంది. అంటే పైనుండి చూస్తే ఇరుసు మొత్తం మెలి తిరిగి, వెనుకచక్రాలు కుడివైపుకు చూస్తాయి. ముందుచక్రాలు ఎడమకు, వెనుకవి కుడికి చూస్తే తోక బయటికి పోతుంది. మా బావగారు ఘాటులో చెప్పిన ‘విసురు’ ఇదే.

ఎంత మెలి? ఆర్మ్ పొడవు 600 మి.మీ., రెండు ఆర్మ్‌ల మధ్య 900 మి.మీ., మొదట ఆర్మ్‌లు అడ్డంగా ఉన్నాయనుకుందాం. ఒరుగుడులో ఒక్కొక్క ఆర్మ్ కొస 25 మి.మీ. ఆడితే, ఎత్తు పెంచకముందు రెండు వైపులా సమానంగా కుదించుకుపోతాయి కనుక మెలి ఉండదు. 50 మి.మీ. లేపిన తర్వాత రెండువైపుల మధ్య తేడా సుమారు 4.2 మి.మీ.; ఇరుసు 0.27 డిగ్రీలు తిరుగుతుంది. చూడడానికి చాలా చిన్న సంఖ్య. కాని స్టీరింగు నిష్పత్తి 16:1 అనుకుంటే, నడిపేవాడు తిప్పకుండానే స్టీరింగు నాలుగు డిగ్రీలకు పైగా తిరిగినంత ప్రభావం ఇది. పైగా అది బండి ఒరిగిన తర్వాత, మలుపు మధ్యలో వచ్చి చేరుతుంది.

5. పినియన్ ముక్కు

జిమ్నీ ఆర్మ్ ఒక్కొక్కటి ఇరుసును రెండు బుష్‌లతో పట్టుకుంటుంది. కాబట్టి ఆర్మ్ ఎంత వాలితే ఇరుసు అంత తిరుగుతుంది. 600 మి.మీ. ఆర్మ్‌కు 50 మి.మీ. ఎత్తు అంటే 4.8 డిగ్రీలు, అంత మేరకు పినియన్ ముక్కు పైకి లేస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ నుండి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపు పినియన్ చూస్తున్నది కనుక ఇది మంచిదే అని మొదట నేనూ అనుకున్నాను. కాదని తెలుసుకోవడానికి కొంతకాలం పట్టింది.

షాఫ్ట్ రెండు చివరలా మెకానిక్‌లు ‘క్రాస్’ అని పిలిచే జాయింటు ఉంటుంది. ఇటలీకి చెందిన గెరోలామో కార్దానో పేరు దీనికి స్థిరపడింది. 17వ శతాబ్దిలో రాబర్ట్ హుక్ దీని చలనాన్ని పరిశీలించాడు. కోణంలో పనిచేసే క్రాస్ ఒక వైపు వేగాన్ని రెండవ వైపుకు సమంగా అందించదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చి, రెండుసార్లు తగ్గుతుంది. 5 డిగ్రీల కోణంలో ఈ హెచ్చుతగ్గు 0.4 శాతం లోపు. 10 డిగ్రీల్లో 1.5 శాతం. కోణం రెట్టింపయితే హెచ్చుతగ్గు సుమారు నాలుగింతలవుతుంది.

మరి మామూలు వాహనాలు ఎందుకు అదరవు? ట్రాన్స్‌ఫర్ కేస్ షాఫ్ట్, పినియన్ షాఫ్ట్ పరస్పరం సమాంతరంగా ఉంటే రెండు క్రాస్‌ల కోణాలూ సమానమవుతాయి. మొదటిది చేసిన తప్పును రెండవది సరిదిద్దుతుంది. ఎత్తు పెంచాక ముందు క్రాస్ కోణం 8 డిగ్రీలకు పెరిగి, ముక్కు పైకెత్తిన పినియన్ వల్ల వెనుక క్రాస్ కోణం 3 డిగ్రీల దగ్గర ఆగిందనుకుందాం. మొదటిదాని హెచ్చుతగ్గు దాదాపు 1 శాతం, రెండవదాని దిద్దుబాటు 0.14 శాతం. మిగిలినదంతా అదురుగా మారుతుంది. ఎనిమిదికి ఎనిమిది ఉన్నా ఇంతకంటే మేలే. పినియన్ షాఫ్ట్ వైపు నేరుగా చూడడం సరైన పద్ధతి కావాలంటే, ముందు చివర జంటక్రాస్ ఉండాలి; అది తన తప్పును తానే దిద్దుకుంటుంది.

సవరణలో ఇక్కడా పాత భేదమే ఎదురవుతుంది. రంధ్రం పక్కకు జరిపిన బుష్‌లతో ఇరుసును వెనక్కు తిప్పి పినియన్‌ను సరిచేయవచ్చు. అదురు తగ్గుతుంది. ఆర్మ్ వాలు మారదు కనుక ఘాటులో విసురు పోదు. ఛాసిస్ వైపు బ్రాకెట్‌తో ఆర్మ్ ముందుకొసను కిందికి దించితే వాలు, మెలి, పినియన్ కోణం మూడూ కలిసి వెనక్కు వస్తాయి. అయితే ఆ బ్రాకెట్ రాళ్లకు తగిలే చోట వేలాడుతుంది. ఏ ఎత్తు కోసం ఖర్చుపెట్టారో అందులో కొంత అక్కడ వదులుకోవాలి. పెంచిన ఎత్తులో సగానికి పైగా దించి, మిగిలిన కోణాన్ని బుష్‌లకు వదిలేయడం మధ్యేమార్గమని నా అభిప్రాయం. రాళ్లగుట్టలు ఎక్కని బండికి పూర్తిగా దించడమే మంచిది.

6. బిగింపు, బ్రేకు, చట్టం

షెడ్లలో తరచుగా జరిగే ఒక పొరపాటు చెప్పుకోవాలి. వాహనాన్ని లిఫ్ట్ మీద పెట్టి, చక్రాలు వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులు గట్టిగా బిగిస్తారు. బుష్‌లోని రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుంటుంది. కిందికి దించగానే అది శాశ్వతంగా మెలిపడి, త్వరగా చినుగుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకనే చివరి బిగింపు చేయాలి. బ్రేకు గొట్టాలు ఇరుసు పూర్తిగా వేలాడినప్పుడు సాగకూడదు. కొన్ని పాత వాహనాల్లో వెనుక బ్రేకు ఒత్తిడిని ఇరుసు ఎత్తును బట్టి నిర్ణయించే వాల్వు ఉంటుంది. ఎత్తు పెంచితే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందని భావించి వెనుక బ్రేకును తగ్గిస్తుంది. దాని కడ్డీని కూడా సవరించాలి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం నిషిద్ధం. బ్రాకెట్లకు వెల్డింగు చేయించేముందు యజమాని ఈ సంగతి విచారించుకోవాలి. మా బావగారు విచారించుకున్నది తర్వాతే.

ఆయన బండికి చివరకు ఛాసిస్ వైపు బ్రాకెట్లు 30 మి.మీ. దించి, ఇరుసు మీద అడ్డుకడ్డీ బ్రాకెట్‌ను ఏటవాలు ఆధారంతో 50 మి.మీ. లేపారు. గుండుతాడుతో మళ్లీ కొలిచినప్పుడు పొడవు పెంచిన కడ్డీతో ఇరుసు అవతలి పక్కకు పోయింది. దాన్ని తీసి కంపెనీవారి పాత కడ్డీని బిగిస్తే మధ్యకు వచ్చింది.