వెట్టి చేయు మరబొమ్మ

చిన్ననాటినుండియు గడియారములను, పాడైన రేడియోలను విప్పి చూచు అలవాటు మాకు గలదు. ఇటీవల మా బల్లమీదికి మనిషివలె నడచు మరబొమ్మ యొకటి చేరినది. దాని పేరు రోబోసేపియన్. మార్క్ టిల్డెన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు దీనిని రూపొందించెను. 2004లో ఇది విపణిలోనికి వచ్చినది. దానితో కొన్ని సాయంకాలములు గడపి మేము గ్రహించిన విషయములను విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విన్నవించుచున్నాము.

ముందుగా పేరును గూర్చి యొక మాట. 'రోబో' అను పదము చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకమునుండి లోకమునకు వచ్చినది. చెక్ భాషలో 'రొబోత' యనగా వెట్టిచాకిరి. మన పెద్దలు బాగుగా నెరిగిన మాటయే!

బొమ్మ ఎత్తు ఇంచుమించు 14 అంగుళములు. ఏడు మోటార్లు దానిని కదల్చును. నాలుగు లావుపాటి బ్యాటరీలు పాదములలోనే యుండును. ఇందొక యుక్తి గలదు. బరువు అడుగున నుండుటచే బొమ్మ సులభముగా పడిపోదు. నడుము ఒక ప్రక్కకు వాలగనే బరువంతయు ఆ పాదముపై బడును. రెండవ పాదము తేలికయై ముందునకు సాగును. ఇట్లు లోలకమువలె ఊగుచు నడచును. తప్పటడుగులు వేయు బిడ్డను చూచినవారికి ఈ నడక క్రొత్త గాదు.

రిమోటునుండి కంటికి కనబడని పరారుణ కిరణములద్వారా 67 విధములైన ఆజ్ఞలు దానికి చేరును. నడుమ మనము నిలిచినచో అది వినదు. మా యింటి ఎగుడుదిగుడు బండలపై రెండుమార్లు బోర్లపడినది. ఆ తప్పు బండలదే గాని బొమ్మది గాదు. పాదములకు స్పర్శను గుర్తించు మీటలున్నవి. గోడ తగిలినచో తెలిసికొనును. కాని నిన్న తగిలిన గోడ నేడు దానికి గుర్తుండదు.

మనకు చేరువనే, ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళ నేటికిని నిలిచియున్నది. ఆ యూరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. తోలుబొమ్మను ఆడించువాడు తెరవెనుక నుండును. మరబొమ్మను ఆడించువాడు దానికి ముందే నేర్పి తప్పుకొనును. భేదమింతియే.

తెలుగు మాధ్యమమున చదువు బిడ్డకు ఇట్టి విద్యలు అందునా యని మన పావగడ సీమలో తల్లిదండ్రులు సందేహించుట సహజము. ఈ బొమ్మకు తెలుగును లేదు, కన్నడమును లేదు. మూలుగులు మాత్రమే గలవు. దాని నడకలోని సూత్రమును పైన తెలుగుననే చెప్పితిమి. అర్థమైన విషయమునకు కన్నడమునను, ఇంగ్లీషునను పేర్లు నేర్చుకొనుట కష్టము గాదు. అర్థము గానిదానికి ఏ భాషలోని పేరును అక్కరకు రాదు.

బాలబాలికలారా! ఇట్టి బొమ్మను కొననక్కరలేదు. కొబ్బరిచిప్ప అడుగున తడిమట్టి మెత్తి, దానిపై కాగితపు బొమ్మను నిలిపి, ప్రక్కకు వంచి విడిచి చూడుడు. అది మరల ఎందులకు లేచి నిలుచునో మీ యింటివారికి వివరింపుడు. అట్లు వివరింపగలిగిననాడు మీరు బొమ్మను ఆడించువారి పక్షమున నున్నట్లే.