వార్తల్లో పదం: రూట్ మెట్రిక్

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో, పంజాగుట్ట హాస్టళ్లలో లైనక్స్ నేర్చుకునే పిల్లలకు తప్పక తెలియాల్సిన మాట ఇది. ల్యాప్‌టాప్‌కు ల్యాబ్ కేబుల్ పెట్టి, ఫోన్ హాట్‌స్పాట్ కూడా కలిపారు. వైఫై గుర్తు నిండుగా ఉంది, పేజీ మాత్రం తెరుచుకోదు.

ఒకే గమ్యానికి రెండు దారులున్నప్పుడు మెట్రిక్ అంకె తక్కువున్న దారినే లైనక్స్ పడుతుంది. నెట్‌వర్క్ మేనేజర్ మామూలుగా కేబుల్‌కు 100, వైఫైకి 600 ఇస్తుంది. ల్యాబ్ లైను గేట్‌వే చిరునామా ఇచ్చిందంటే, దానికి ఇంటర్నెట్ లేకపోయినా చాలాసార్లు అదే నెగ్గుతుంది.

టెర్మినల్‌లో ‘ఐపీ రూట్’ కమాండ్ కొడితే ‘డిఫాల్ట్’తో మొదలయ్యే రెండు వరుసల్లో ఆ అంకెలు కనిపిస్తాయి. డ్రైవర్ల జోలికి పోయే ముందు ఇదే చూడాలి. కేబుల్ కనెక్షన్ ఐపీవీ4 సెట్టింగుల్లో, దాన్ని ఆ నెట్‌వర్క్ వరకే వాడమనే గడికి టిక్ పెట్టి, కనెక్షన్ ఆపి మళ్లీ కలపండి. ల్యాబ్ సర్వర్ కేబుల్ మీద, మిగతాదంతా వైఫై మీద నడుస్తుంది. ఐపీవీ6 ఉంటే అక్కడా టిక్ పెట్టాలి.