టికెట్టు చెప్పని పదిన్నర గంటలు

అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. ఉండేదేమో డల్లాస్‌లో. పురుడు పోయడానికి అమ్మ ఒక్కతే బయల్దేరాలి. సున్నిపిండి, కారప్పొడి, పొత్తిళ్లకు మెత్తటి పాత చీరలు... పెట్టెలోకి అన్నీ చేరిపోతాయి. 'ప్రయాణం ఎన్ని గంటలమ్మా?' అని అడిగితే మాత్రం టికెట్టు చూసి చెప్పేస్తారు. చిక్కంతా అక్కడే ఉంది!

వేసవిలో హైదరాబాద్‌లో ఉదయం 10కి విమానం ఎక్కారనుకోండి. డల్లాస్‌లో దిగేది అదే రోజు రాత్రి 11.30కి అని టికెట్టు మీద ఉందనుకోండి. 'ఓస్, పదమూడున్నర గంటలేగా!' అనిపిస్తుంది. కానీ టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. మార్చి నుంచి నవంబరు దాకా డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. మిగతా నెలల్లో పదకొండున్నర. ఆ పదిన్నర కలిపితే అసలు ప్రయాణం 24 గంటలు!

ఎంత దూరం?

తిన్నగా కొలిస్తే రెండు ఊళ్ల మధ్య దాదాపు 14,400 కిలోమీటర్లు. దుబాయ్‌లో విమానం మారితే ఇంకో వెయ్యి పెరుగుతుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 2,550 కిలోమీటర్లు, సుమారు నాలుగు గంటలు. అక్కడి నుంచి డల్లాస్‌కి 12,900 కిలోమీటర్లు, పదహారు గంటల దాకా. మధ్యలో మూడు నాలుగు గంటలు పడిగాపులు.

విజయవాడ నుంచి వచ్చేవాళ్లకు బస్సులో మరో అయిదారు గంటలు, శంషాబాద్‌లో మూడు గంటలు ముందుండటం, అక్కడ దిగాక ఇమిగ్రేషన్ క్యూ... అన్నీ కలిపితే గడప దాటాక ఒకటిన్నర రోజు! వచ్చేటప్పుడు మాత్రం పడమటి గాలులు విమానాన్ని ముందుకు తోస్తాయి కనుక గాల్లో ఉండే సమయం కాస్త తగ్గుతుంది.

ఈ లెక్క ఎందుకంటే...

బీపీకో షుగరుకో మందులు వాడేవారు 'రేపు పొద్దున వేసుకుంటాలే' అనుకుంటే ఏ ఊరి పొద్దున? బయల్దేరే ముందే డాక్టరును అడిగి, ఏ మాత్ర ఎప్పుడో మన టైము ప్రకారం కాగితం మీద రాయించుకోండి. చేతి గడియారం ఇల్లు చేరేదాకా మార్చకండి. మందులు, చీటీ చేతిసంచిలోనే ఉండాలి. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో అస్సలు పెట్టొద్దు. సామాన్ల గదిలో గడ్డకట్టి పాడైపోవచ్చు.

గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికే వస్తుంది. నడవ పక్క సీటు అడగండి. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారైనా లేచి నాలుగడుగులు వేయండి. కూర్చున్నచోటే పాదాలు ఆడించండి. బాత్రూముకి లేవాల్సి వస్తుందని మంచినీళ్లు మానేయకండి. మోకాళ్ల నొప్పులుంటే టికెట్టు కొన్నప్పుడే చక్రాల కుర్చీ కావాలని చెప్పించండి. అందులో నామోషీ ఏముంది?

ఇక, అక్కడి పగలు మనకు రాత్రి. ఒళ్లు ఆ టైముకి అలవాటుపడటానికి వారం పైనే పడుతుంది. డాక్టరు చెప్పిన తేదీకి రెండు రోజుల ముందు దిగితే, పాప ఏడుస్తుంటే మీరు కునికిపాట్లు పడతారు! కాన్పు ఒక్కోసారి ముందే రావచ్చు కూడా. అందుకే మూడు వారాల ముందుకి టికెట్టు తీయమని అల్లుడికి ఇప్పుడే చెప్పండి.