గట్టు తగాదా తెచ్చిన తంటా

మా మేనమామగారికి సంతానం ఇద్దరు. మూడో బిడ్డ తుపాకి అని మా అత్తయ్య ఎత్తిపొడుస్తూండేది.

చిత్తూరు జిల్లా పడమటి వైపు, కొండవారన ఆయన చేను. వేరుశనగ కాయ పట్టే వేళకు అడవిపందులు మందలుగా దిగేవి. మామయ్య మంచె మీద కూర్చుని, రాత్రికి రెండు మూడుసార్లు వట్టి మందు కూరి పేల్చేవారు. ఆ చప్పుడుకే పందులు పరారీ! లైసెన్సు సక్రమంగా ఉండేది. మనిషి మీద గురిపెట్టిన పాపాన ఏనాడూ పోలేదు.

1994లో పక్క చేను ఆసామితో గట్టు దగ్గర మాటా మాటా పెరిగింది. మామయ్య చేతికర్రతో ఒక్కటి వేశారు. అవతలివాడికి మోచెయ్యి వాచింది, కేసయింది. తుపాకి ఆ వేళ ఇంట్లో గోడకు వేలాడుతూనే ఉంది.

"వాయిదాలకు తిరగలేవు, ఒప్పేసుకో. జుల్మానాతో పోతుంది" అన్నారు ఊళ్లో పెద్దలు. ఒప్పుకున్నారు. మేజిస్ట్రేటుగారు జుల్మానాతోబాటు పది రోజుల ఖైదు కూడా వేశారు. సరే, అత్తవారింటికి వెళ్లొచ్చినట్టు వెళ్లొచ్చారు.

వచ్చిన వారానికే కబురు: తుపాకి తెచ్చి పోలీసు స్టేషనులో అప్పగించమని!

నేనప్పుడే ప్లీడరుగా బోర్డు కట్టాను. "ఏమిరా అబ్బాయీ! కర్రతో కొడితే కర్ర పట్టుకుపోవాలిగాని, తుపాకి ఏం పాపం చేసిందిరా?" అని వచ్చి కూర్చున్నారు.

ప్రశ్న న్యాయమైనదే. కాని చట్టం తుపాకి గుణం చూడదు, పట్టుకునే చేతి గుణం చూస్తుంది. 1959 ఆయుధాల చట్టం 9వ సెక్షను ప్రకారం, దౌర్జన్యంతోగాని నీతిబాహ్యతతోగాని కూడిన నేరానికి ఖైదు పడితే, ఆ శిక్ష ముగిసిన నాటినుంచి అయిదేళ్లు తుపాకి కొనరాదు, దగ్గర ఉంచుకోరాదు. మొదట్లో ఆరు నెలలకు తగ్గని ఖైదుకే ఈ నిషేధం. 1983 సవరణలో ఆ మాట తీసివేసి, ఖైదు ఎంత కాలమైనా సరే అన్నారు. మామయ్య పది రోజులు అందులో చిక్కుకున్నాయి.

"జుల్మానా ఒక్కటే పడి ఉంటే?" అన్నారు.

"ఈ నిషేధం రాదు. అయినా లైసెన్సు ఇచ్చే అధికారి మనిషి తగడనుకుంటే, 14వ సెక్షను కింద నిరాకరించవచ్చు. మన దేశంలో తుపాకి హక్కు కాదు మామయ్యా, అనుమతి."

అసలు బాధ మరొకటి. 1958 ప్రొబేషను చట్టం ఉంది. దాని కింద కోర్టు మందలించిగాని, మంచి నడవడికి పూచీ తీసుకునిగాని విడిచిపెడితే, శిక్షవల్ల వచ్చే అనర్హతలు అంటవు. ఆ దారి అడగమని చెప్పినవాడు లేడు. నన్ను ఒక్కమాట అడిగి ఉంటే నేను చెప్పేవాణ్ణి. అడగలేదు, మేనల్లుడు కుర్రకుంక!

అప్పగించిన తుపాకిని గడువులోగా, అర్హత ఉన్న మరొకరికి అమ్ముకోవచ్చు. గడువు దాటితే సర్కారుకు జప్తు. మామయ్య కళ్లనీళ్లు పెట్టుకుని అమ్మేశారు. ఆ తరువాత అయిదు పంటలు డబ్బా వాయిస్తూ కాపలా కాశారు. సగం పందులకే పోయింది.

అయిదేళ్లు నిండాక మళ్లీ దరఖాస్తు పెట్టారు. ఫారములో, ఎప్పుడైనా శిక్షపడిందా అన్న ప్రశ్న ఉంది. "లేదని రాసెయ్యి, పాతకథ ఎవడు తవ్వుతాడు?" అన్నారు మళ్లీ ఆ పెద్దలే! నేను చెయ్యి పట్టుకున్నాను. నిజం దాచి పుచ్చుకున్న లైసెన్సును 17వ సెక్షను కింద రద్దు చేయవచ్చు. ఉన్నదున్నట్టు రాయించాను. పోలీసు విచారణ జరిగింది, నెలలు గడిచాయి. చివరకు లైసెన్సు వచ్చింది.

కనుక ఇంట్లో లైసెన్సు తుపాకి ఉన్నవారు గుర్తుంచుకోండి: చిన్న కేసేగదా అని ఒప్పేసుకునేముందు, దానివెంట ఇంకేం పోతుందో ప్లీడరును అడగండి.

మామయ్య ఇప్పుడు లేరు. లైసెన్సు వచ్చిననాడు ఆయన అన్నమాట మాత్రం మరవలేను: "కొట్టింది ఒక్క దెబ్బరా అబ్బాయీ, తిన్నది అయిదేళ్లు."