చిలగడదుంప కోసి చూడండి.. లోపల ఏ రంగు?

శివరాత్రి ఉపవాసానికి తెచ్చే చిలగడదుంపను ఈసారి అడ్డంగా కోసి చూడండి. కందగడ్డ అనండి, గెనుసుగడ్డ అనండి.. మన మార్కెట్లో దొరికేవాటికి చాలావరకు తోలే ఎరుపు, లోపలంతా తెలుపు. రుచికి వంక పెట్టలేం. పీచు, పొటాషియం కూడా దండిగా ఉంటాయి. విటమిన్‌ ఎ మాత్రం నామమాత్రమే. అదే గడ్డ లోపల క్యారట్‌లా నారింజ రంగులో ఉంటే లెక్క మారిపోతుంది.

ఆ రంగునిచ్చేది బీటా కెరోటిన్‌. దీన్ని మన శరీరం విటమిన్‌ ఎగా మార్చుకుంటుంది. ఇది కొరవడిన పిల్లలకు ముందు రేచీకటి వస్తుంది. పొద్దుగూకగానే తడుముకుంటూ నడుస్తారు. లోపం ముదిరితే కంటి నల్లగుడ్డు పొడిబారి, పుండుపడి చూపు శాశ్వతంగా పోవచ్చు. రోగనిరోధక శక్తి కూడా తగ్గటం వల్ల తట్టు, విరేచనాల వంటివి ప్రాణాల మీదికి తెస్తాయి.

ఈ సమస్యకు ఆఫ్రికాలోని మొజాంబిక్‌, ఉగాండా వంటి దేశాలు పొలంలోనే మందు వెతికాయి. అక్కడ చిలగడదుంప పండగపూట చిరుతిండి కాదు, రోజూ కడుపు నింపే తిండి. అయితే పెద్దలకు పిండిపిండిగా ఉండే తెల్లగడ్డే అలవాటు. నారింజ గడ్డేమో ఉడికితే నీరునీరుగా అయ్యేది. పిల్లలు తీపికి ఇష్టంగా తిన్నా పెద్దలు పెదవి విరిచారు. (సోనామసూరి తినే ఇంట్లో దొడ్డుబియ్యం వండితే మనమేం చేస్తాం?) దీంతో శాస్త్రవేత్తలు స్థానిక రకాలతో సంకరం చేసి పిండి శాతాన్ని, కరవును తట్టుకునే గుణాన్ని పెంచారు. ఈ కృషికి మరియా ఆండ్రాడే, రాబర్ట్‌ మ్వాంగా, జాన్‌ లో 2016లో ప్రపంచ ఆహార బహుమతిని హోవర్త్‌ బూయీతో కలిసి అందుకున్నారు.

మరి మనం తినేది అన్నం కదా, బియ్యంలోనే పెంచొచ్చుగా అనిపించవచ్చు. చిక్కేంటంటే- మనం వండుకునే బియ్యపు గింజలో బీటా కెరోటిన్‌ తయారయ్యే వరి రకమే లేదు. కాబట్టి సంకరంతో పని జరగదు, బయటి జన్యువులు చొప్పించాల్సిందే. అలా పుట్టిందే గోల్డెన్‌ రైస్‌. ఫిలిప్పీన్స్‌ 2021లో దీని సాగుకు అనుమతించినా, 2024లో అక్కడి కోర్టు నిలిపేసింది. చిలగడదుంపకు ఈ తంటా లేదు.

మనదేశంలోనూ కేంద్రీయ దుంప పంటల పరిశోధన సంస్థ ‘భూ సోనా’ అనే నారింజ రకాన్ని రూపొందించింది. ఇందులో 100 గ్రాములకు సుమారు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్‌ ఉంటుంది. ముదురు నారింజ గడ్డ 125 గ్రాములు తింటే అయిదేళ్లలోపు పిల్లలకు ఆ రోజుకు కావాల్సిన విటమిన్‌ ఎ అందుతుంది.

వండటంలోనూ జాగ్రత్త అవసరం. తొక్కతోనే, మూత పెట్టి ఉడికించాలి. ముక్కలు కోసి ఎండలో ఆరబెడితే కెరోటిన్‌ కొంత తగ్గిపోతుంది. ఇది ఒంటబట్టాలంటే కొవ్వు ఉండాలి. కాబట్టి పిల్లలకు పెట్టేటప్పుడు అర చెంచా నెయ్యి కలపండి. మధుమేహం ఉన్నవారు ఇది తిన్న పూట అన్నం తగ్గించుకోవాలి. ఇక గడ్డ తినిపిస్తున్నాం కదాని 9 నెలల నుంచి అయిదేళ్ల వరకు ఆరు నెలలకోసారి వేయించే విటమిన్‌ ఎ ద్రావణం మానెయ్యొద్దు.

నారింజ గడ్డ దొరికితే ఒకటి పెరట్లోనో, మిద్దె మీద వెడల్పాటి కుండీలోనో పాతిపెట్టండి. మొలిచిన తీగను జానెడు ముక్కలుగా కత్తిరించి నాటితే నాలుగు నెలలకల్లా గడ్డలు ఊరతాయి. ఈలోపు లేత ఆకులు పప్పులోకి పనికొస్తాయి.