ఆటబొమ్మలో అర్జీ రాసుకోవచ్చు

గోస్పాడు: పిల్లవాడు అరుగు మీద కూర్చుని చేతిలోని యంత్రంతో ఆడుతుంటే, 'ఎందుకురా ఆ దండగ పని' అని పెద్దలు కసరడం ఊరూరా ఉన్నదే. ఆ కసురులో న్యాయం లేకపోలేదు. అయితే అదే యంత్రం మీద కాలువ నీళ్ల కోసం అర్జీ రాయవచ్చుననీ, మునిగిన పైరు వివరాలు గట్టు మీద నిలబడే ఎక్కించుకోవచ్చుననీ చెబితే నమ్మేవారు తక్కువ. నిజానికి ఆట ఆడించేదీ, అక్షరం రాయించేదీ లోపల ఒకే సరుకు. దానికి మనం ఏ పని చెబుతున్నామన్నదే తేడా.

రైతు మాట కాగితానికి ఎక్కేదెలా?

గోస్పాడు మండలంలో రైతుకు రాత పని పడిందంటే ఎక్కువగా నంద్యాల బస్సు ఎక్కాల్సిందే. అక్కడ టైపు చేసే షాపులో తన వంతు వచ్చేదాకా కూర్చోవాలి. 'చివరి మడికి పది రోజులుగా నీళ్లు రాలేదు' అని రైతు చెబుతాడు. కాగితం మీదికి వచ్చేసరికి 'తమరి దయకు విన్నవించుకొనునదేమనగా' అన్న వరుసలే సగం పేజీ ఆక్రమిస్తాయి. సర్వే నంబరు, తేదీ, ఏ తూము కింద భూమి అన్న అసలు సంగతులు ఒక్కోసారి జారిపోతాయి. వాటికోసమే అర్జీ తిరిగి వస్తుంది. మళ్లీ బస్సు చార్జీ, మళ్లీ ఒకరోజు కూలి నష్టం.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక కర్నూలు దాకా వెళ్లే బాధ తప్పింది. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటున్నారు. దారి దగ్గరయింది గానీ, రాత మాత్రం ఇంకా పరాయి చేతిలోనే ఉంది. చేతిలో ఇమిడే రాత యంత్రం గురించి ఊరి జనం తెలుసుకోవలసిన అవసరం అందుకే వచ్చింది.

ఈ ఆలోచన పాతదే

1983లో అమెరికాలో టీఆర్ఎస్-80 మోడల్ 100 అనే చిన్న కంప్యూటరు వచ్చింది. తెర మీద కనిపించేది 8 వరుసలు, వరుసకు 40 అక్షరాలు. టార్చిలైటుకు వేసే రకం బ్యాటరీలు నాలుగు వేస్తే ఇరవై గంటల దాకా పనిచేసేది. అక్కడి విలేకరులు దాన్ని చంకన పెట్టుకుని తిరుగుతూ, జరిగిన చోటే వార్త రాసి టెలిఫోను తీగ మీద పంపేవారు. అదే కాలంలో మన పల్లె విలేకరులు తెల్లకాగితం మీద రాసి, కవరులో పెట్టి ఆర్టీసీ బస్సులో పంపేవారు.

ఆటయంత్రాన్ని రాతకు వాడాలన్న ప్రయత్నం కూడా అప్పుడే మొదలయింది. జపానుకు చెందిన నింటెండో కంపెనీ 1989లో గేమ్ బాయ్ అనే చేతి ఆటయంత్రాన్ని విడుదల చేసింది. దానికి తగిలించుకునేందుకు వర్క్‌బాయ్ పేరుతో చిన్న కీబోర్డును 1992లో ప్రదర్శించారు. చిరునామాల పుస్తకం, క్యాలెండరు వంటి సౌకర్యాలు అందులో ఉన్నాయి. అది అంగడికి రాకుండానే ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత, 2020లో, దాని నమూనా ఒకటి దొరికితే నడిపించి చూపారు.

నేటి ఆటయంత్రం

అప్పట్లో కుదరనిది ఇప్పుడు కుదిరింది. అమెరికాకు చెందిన వాల్వ్ కంపెనీ 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ అనే ఆటయంత్రాన్ని తెచ్చింది. మొదట వచ్చిన రకానికి ఏడంగుళాల తెర ఉంది. బరువు 669 గ్రాములు, అంటే ముప్పావు కిలో లోపే. చూపుకు ఆటబొమ్మే గానీ, లోపల నడిచేది లినక్స్ అనే కంప్యూటరు వ్యవస్థ. పవరు బటన్ కాసేపు నొక్కిపట్టి 'డెస్క్‌టాప్' ఎంచుకుంటే మామూలు కంప్యూటరు తెర ప్రత్యక్షమవుతుంది. లిబ్రె ఆఫీస్ అనే రాత సాధనాన్ని అందులోకి ఉచితంగా దించుకోవచ్చు. తీగ లేని బ్లూటూత్ కీబోర్డు కలిపితే రాతబల్ల సిద్ధం. కీబోర్డు అమరికలో తెలుగు కూడా ఎంచుకోవచ్చు.

బ్యాటరీ రెండు నుంచి ఎనిమిది గంటలు వస్తుందని కంపెనీ మాట. ఆటలు యంత్రాన్ని పిండేస్తాయి. రాత తేలిక పని కాబట్టి ఎక్కువసేపే వస్తుంది.

చేతి ఆటయంత్రాలన్నీ ఇలా లొంగవు. కంపెనీ ఒప్పుకున్నవి తప్ప వేరేవి ఎక్కనీయని యంత్రాలు చాలా ఉన్నాయి. పైగా స్టీమ్ డెక్ తొలి ధరే 399 డాలర్లు. అప్పటి లెక్కన సుమారు ముప్పై వేల రూపాయలు. రవాణా, పన్నులు వేరు. అర్జీ రాయడానికని అంత పోసి కొనమని ఎవరూ చెప్పరు. చదువుకో, ఉద్యోగానికో బయటికి వెళ్లిన పిల్లల వద్ద ఇప్పటికే ఉంటే మాత్రం అది ఆటకే అనుకోనక్కర్లేదు.

మన ఊరి ఆటయంత్రం ఫోనే

నిజం చెప్పాలంటే గోస్పాడు అరుగుల మీద కనిపించే ఆటయంత్రం స్మార్ట్ ఫోనే. లూడో ఆడేదీ, తుపాకుల ఆట ఆడేదీ దాని మీదే. పైన చెప్పిన ఉపాయం దానికీ వర్తిస్తుంది. బ్లూటూత్ కీబోర్డు ఫోనుకు కలుస్తుంది. చాలా ఫోన్లకు ఓటీజీ అనే చిన్న ముక్కతో తీగ కీబోర్డునూ తగిలించవచ్చు. అయితే ఆ కీబోర్డుతో మీ ఫోనులో తెలుగు పడుతుందో లేదో చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

కీబోర్డు లేకపోయినా పని ఆగదు. గూగుల్ 2017 ఆగస్టులో తన కీబోర్డులో తెలుగు మాటను విని రాసే సౌకర్యం కల్పించింది. రాయడం రాని అవ్వ చెప్పినా అది రాస్తుంది. కానీ మన సీమ మాటను అది తప్పుగా వినే ప్రమాదం ఉంది. అంకెల దగ్గర మరీ జాగ్రత్త అవసరం. సర్వే నంబరు, సెంట్లు, తేదీ ఒకటికి రెండుసార్లు చదివించుకోవాలి.

తెలుగుతో వచ్చిన చిక్కు

షాపులో టైపు చేసిన కాగితం ఫైలుగా ఫోనులోకి వస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపించడం కొందరికి అనుభవమే. పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు బొమ్మలను పెట్టి నడిచేవి. ఆ ఫాంటు లేని యంత్రంలో ముసుగు తొలగి ఇంగ్లీషే బయటపడుతుంది. 1991లో వచ్చిన యూనికోడ్ పద్ధతి తెలుగు అక్షరాలకు సొంత స్థానాలు కేటాయించింది. అందులో రాసినది ఈనాటి ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. షాపులో రాయించుకునేవారు 'యూనికోడ్‌లో కొట్టండి' అని ముందే అడగడం మంచిది.

అక్కడితో చిక్కులన్నీ తీరిపోలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం వచ్చి పడితే ఐఫోన్లలో సందేశాలు చూసే యాప్‌లే మూతపడ్డాయి. ఆపిల్ కంపెనీ కొద్ది రోజుల్లోనే సరిదిద్దింది. లక్షల రూపాయల ఫోన్లు తయారుచేసేవారు కూడా మన ఒత్తులను పూర్తిగా పట్టించుకోలేదని దీంతో తేలింది. తెలుగులో రాసేవారు పెరిగితేనే ఇటువంటి లోపాలు బయటపడతాయి, సరి అవుతాయి.

గట్టు మీదే రాయండి

2019 సెప్టెంబరు వానలకు కుందూ పొంగి నంద్యాల ప్రాంతంలో పొలాలు మునిగిన సంగతి రైతులు మరచిపోలేదు. అటువంటప్పుడు నీళ్లు తీశాక, పది రోజులు గడిచాక, నష్టం జ్ఞాపకం మీద చెప్పడం కష్టం. ఆనాడే పొలంలో నిలబడి నాలుగు వరుసలు రాసుకుంటే అదే అర్జీకి పునాది.

రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు ఎన్ని సెంట్లు, ఏ పైరు, ఏ తేదీన నాట్లు, ఏ రోజు నీళ్లు వచ్చాయి, ఎన్నాళ్లు నిలిచాయి - ఇవి చాలు. కాలువ నీళ్ల అర్జీ అయితే తూము పేరు, నీళ్లు ఆగిన తేదీ రాయాలి. పొగడ్తలు అక్కర్లేదు. కోరేదేమిటో చివర ఒక్క వాక్యంలో స్పష్టంగా ఉండాలి. రాసినదాన్ని పీడీఎఫ్‌గా దాచుకుంటే అక్షరాలు చెదరవు. అచ్చు వేయించి ఇచ్చాక రశీదు తీసుకుని దానికీ ఒక ఫొటో తీసి పెట్టుకోవాలి. వేరొకరి ఫోనులో రాయించుకుంటే ఆధార్, బ్యాంకు నంబర్లు అందులో మిగలకుండా తుడిపించాలి.

ఇంట్లో ఆటలాడే కుర్రవాడు ఉంటే, ఈసారి కసరడానికి ముందు ఒక పని చెప్పి చూడండి. 'ఒరే, నాయనకు ఈ అర్జీ రాసిపెట్టి, ఆ తర్వాత ఆడుకో' అనండి. తండ్రి పొలం సర్వే నంబరు ఎంతో, తమ మడికి నీళ్లు ఏ తూము నుంచి వస్తాయో అప్పుడు వాడికీ తెలుస్తుంది.